పాప సీటు ఒరిగిపోతోంది!

ప్రశ్న: మా మనవరాలికి ఏడో నెల. కారు వెనక పాప సీటు బెల్టుతో కట్టాం. కింద మెత్తగా బొంత కూడా వేశాను. టెక్కలి బయల్దేరితే నరసన్నపేట దాటేసరికే పక్కకి ఒరిగిపోతోంది. అల్లుడు ముందు సీట్లో పెడదామంటున్నాడు.
– ఒక అమ్మమ్మ, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, ముందు సీటు మాటే వద్దు. ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే నేరుగా పాప సీటు వీపునే కొడుతుంది. వెనకే ఉంచండి, పాప ముఖం వెనక అద్దం వైపు.

ఇక ఆ బొంత తీసేయండి. అది అణిగేకొద్దీ బెల్టు వదులైపోతుంది. బెల్టు ఏ గాడిలోంచి పోవాలో సీటు పక్కన గుర్తులుంటాయి. ఇలా వెనక్కి తిరిగే సీటుకి సాధారణంగా నీలం రంగువి. మీ అల్లుడుగారిని ఒక చేత్తో సీటు గట్టిగా అదిమి, రెండో చేత్తో బెల్టు బిగలాగమనండి. తర్వాత బెల్టు పోయే చోట పట్టుకుని ఊపాలి, పైఅంచు దగ్గర కాదు. అంగుళం మించి కదిలితే మళ్లీ మొదటికే.

కారు సీటు సందులో రెండు ఇనుప కడ్డీలు తగిలితే అది ఐసోఫిక్స్, అంటే బెల్టుతో పనిలేకుండా పాప సీటుని నేరుగా కారుకి తగిలించే ఏర్పాటు. మీ పాప సీటుకీ ఆ ఏర్పాటుంటే ఈ కుస్తీ తప్పుతుంది.

పాప భుజం మీది పట్టీ రెండు వేళ్లకి మడతపడిందంటే ఇంకా బిగించాలి. స్వెటర్ తీశాకే చూడండి.