వేసవిలో క్యాంపస్‌లో ఉండిపోయేవాళ్ల కోసం ఏం కార్యక్రమాలు పెట్టొచ్చు?

మీరు అడిగింది ఇదీ: సెలవులకు యూనివర్సిటీ సగానికి పైగా ఖాళీ అయిపోతుంది, మిగిలినవాళ్ల కోసం మే, జూన్‌లలో ఏదైనా చేద్దామని ఉంది, డబ్బు పెద్దగా లేదు, ఈ ఎండలకు జనం బయటికి వస్తారో రారో, ఎక్కడ మొదలుపెట్టాలి అని. నేను గోదావరి జిల్లాల్లోనే ఒక క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తూ ఐదు వేసవులు హాస్టల్లో ఉండిపోయాను. అందులో నాలుగేళ్లు ఈ పనులు మీద వేసుకున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. అందుకని మేం చేసి చూసినవే చెప్తాను.

కార్యక్రమాల జాబితా తర్వాత రాసుకుందురు గానీ, ముందు ఏప్రిల్ ఆఖరి వారంలో ఒక నోట్‌బుక్ పట్టుకుని క్యాంపస్ అంతా తిరగండి. ఎవరెవరు ఉంటున్నారో అడిగి రాసుకోండి. మేం మొదటి ఏడాది ఈ పని చేయలేదు, "విద్యార్థులందరికీ ఆహ్వానం" అని నోటీసు అంటించి ఊరుకున్నాం, పదకొండు మంది వచ్చారు. రెండో ఏడాది తిరిగి లెక్క వేస్తే దాదాపు 140 మంది తేలారు. వాళ్లలో మాలాంటి స్కాలర్లు, సప్లీలు రాసేవాళ్లు, ఊరు దూరమై వెళ్లలేకపోయిన ఇతర రాష్ట్రాలవాళ్లు కలిపి 60 మందే. మిగతా అంతా క్వార్టర్స్‌లో కుటుంబాలు, సెక్యూరిటీవాళ్లు, మెస్‌లో వండేవాళ్లు, తోటపని చేసేవాళ్లు, ఊడ్చేవాళ్లు, వాళ్ల పిల్లలు. పిల్లలే 38 మంది! బడి లేదు, అమ్మానాన్నలు డ్యూటీలో, రోజంతా చెట్ల కింద తిరుగుతూ ఉండేవాళ్లు. ఏడాదంతా మనకు అన్నం పెట్టి, గేటు కాసి, గదులు ఊడ్చేవాళ్లని కూడా పిలవాలని మొదటి ఏడాది మాకు తట్టనందుకు నాకిప్పటికీ బాధగానే ఉంటుంది. మీరు మాత్రం ఆ పొరపాటు చేయకండి, నోటీసులోనే "క్యాంపస్‌లో ఉన్న అందరూ" అని రాయండి, రాసి ఊరుకోకుండా వెళ్లి నోటితో పిలవండి.

రెండోది వేళ. మన దగ్గర ఎండ ఒక్కటే కాదండి, ఉక్కపోత కూడా. పట్టిన చెమట ఆరదు, అందుకే థర్మామీటర్ చూపించే దానికంటే ఒంటికి ఎక్కువ తగులుతుంది. మా మొదటి ఏడాది ప్రారంభోత్సవం పదకొండు గంటలకు, షామియానా కింద, అతిథి వచ్చేసరికి పన్నెండు దాటింది, ఈలోపు స్వాగత నృత్యానికి అలంకరించుకుని నిలబడ్డ ఒక పాప కళ్లు తిరిగి పడిపోయింది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కోసం హాస్టల్ దాకా పరిగెత్తిన ఆ ఐదు నిమిషాల టెన్షన్ నేను మర్చిపోలేను. ఆ తర్వాత నుంచి ఒకటే నియమం పెట్టుకున్నాం: ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిది వరకు, మళ్లీ సాయంత్రం ఐదున్నర తర్వాత. మధ్యలో ఏదైనా పెడితే లైబ్రరీ హాల్లో ఫ్యాన్ల కింద మాత్రమే. సాయంత్రం పైరగాలి తిరిగాక జనాన్ని రమ్మని బతిమాలక్కర్లేదు, క్వార్టర్స్‌లో వేడికి ఉండలేక వాళ్లే వస్తారు.

ఇక మా దగ్గర అన్నిటికంటే బాగా జరిగింది, ఖర్చు అసలు లేనిది, ఆరుబయట కబుర్లు. శనివారం రాత్రి ఏడున్నరకి గ్రౌండ్‌లో చాపలు, దుప్పట్లు పరుచుకుని కూర్చోవడం, ఆ వారం ఒకరు మాట్లాడటం, అంతే. మొదటివారం ఒక ప్రొఫెసర్ గారు మాట్లాడారు, బాగానే ఉంది. రెండోవారం మా మెయిన్ గేటు దగ్గర ఉండే సెక్యూరిటీ బాబాయిని కూర్చోబెట్టాం. ఆయనది లంక గ్రామం, అంటే గోదావరి పాయల మధ్య దిబ్బ మీద ఉండే ఊరు. 1986 ఆగస్టు వరద, అంటే ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ వరద, వచ్చినప్పుడు ఆయనకు పద్నాలుగేళ్లట. గేదెల పలుపులు కోసి వదిలేయడం, కొబ్బరిచెట్టుకి కట్టిన పడవలో వాళ్ల నాయనమ్మ ఒళ్లో తులసి కుండీ పెట్టుకుని రాత్రంతా కూర్చోవడం, నీళ్లు తీశాక ఇంట్లో మోకాలి లోతు ఒండ్రు మట్టి, ఆ మట్టిలోనే ఆ ఏడాది పండిన కూరగాయలు, అన్నీ చెప్పారు. పిల్లలు కదల్లేదు. సివిల్ ఇంజనీరింగ్ స్కాలర్ ఒకబ్బాయి, వరదల మీదే పని చేస్తున్నవాడు, మర్నాడు పొద్దున్నే గేటు దగ్గరికి వెళ్లి ఆయనతో మ్యాప్ మీద నీటి మట్టాలు గుర్తు పెట్టించుకున్నాడు. ఆ తర్వాత వారం మెస్‌లో వండే అక్క 1996 నవంబరు తుపాను రాత్రి గురించి చెప్పింది, ఒక్క రాత్రిలో వాళ్ల కొబ్బరితోట పడిపోతే వాళ్ల నాన్న మళ్లీ మొక్కలు పెట్టి కాపుకొచ్చేదాకా ఎలా గడిపారో. వీళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేసి, వాళ్ల అనుమతి తీసుకుని లైబ్రరీలో ఇచ్చాం. మీరు ఒకే ఒక్కటి చేయగలిగితే ఇది చేయండి. మైకు వద్దు, చుట్టూ దగ్గరగా కూర్చుంటే చాలు.

మామిడిపండ్ల రోజు కూడా తప్పకుండా పెట్టండి. ఎవరి ఊరి పండు వాళ్లు తెచ్చారు: కొత్తపల్లి కొబ్బరి, చెరుకురసం, పండూరి మామిడి, సువర్ణరేఖ, బంగినపల్లి, పేరు తెలియని ఇంటి చెట్టు నాటుకాయలు. పేర్లు దాచేసి ముక్కలు కోసి రుచి చూపించి, ఏది బాగుందో చీటీ రాయమన్నాం. బయోకెమిస్ట్రీవాళ్లు ల్యాబ్ నుంచి చేతిలో పట్టేంత రిఫ్రాక్టోమీటర్ తెచ్చారు, ఒక చుక్క రసం వేసి కన్ను పెట్టి చూస్తే తీపి ఎంతో అంకెలో కనిపిస్తుంది. పిల్లలు వరస కట్టి ఒక్కో పండుకీ అంకె చదివి బోర్డు మీద రాశారు. తమాషా ఏంటంటే ఎక్కువ అంకె వచ్చిన పండుకి ఎక్కువ ఓట్లు రాలేదు, కాస్త పులుపు తగిలేదానికే వచ్చాయి, దానిమీద గంటసేపు వాదన. ఇంకో ఆదివారం ముంజెలు. తాటికాయలు కొట్టడం వచ్చినవాళ్లు మా తోటమాలుల్లోనే ఇద్దరున్నారు, చెట్టెక్కే పని మాత్రం రోజూ ఎక్కేవాళ్లకే వదిలేయండి.

మధ్యాహ్నం బయటికి రావచ్చు అనే ఒకే ఒక్క సందర్భం నీడలేని రోజు. మన డెల్టా ఊళ్లు చాలావరకు పదహారున్నర, పదిహేడు డిగ్రీల అక్షాంశాల మధ్య ఉన్నాయి కాబట్టి మే 6 నుంచి 8 లోపు ఏదో ఒక రోజు, పన్నెండు గంటల ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన సీసా నీడ దాని కిందే మాయమైపోతుంది. మీ ఊరి అక్షాంశాన్ని బట్టి తేదీ మారుతుంది, ఫిజిక్స్ వాళ్లని అడిగితే లెక్క వేసి చెప్తారు. ఆగస్టు మొదట్లో మళ్లీ వస్తుంది గానీ అప్పటికి మబ్బులు. పది నిమిషాలు చూసి, మజ్జిగ తాగి లోపలికి వెళ్లిపోవాలి. గొడుగులు, టోపీలు తప్పనిసరి.

ఊరి బయటికి వెళ్లాలంటే తెల్లవారుజామునే బస్సు ఎక్కండి. కోరంగి మడ అడవికి వెళ్లాం, చెక్క దారి మీద నడుస్తూ బురదలోంచి పొడుచుకొచ్చిన శ్వాస వేర్లు చూడొచ్చు, బోటనీ స్కాలర్ ఒకరు వెంట ఉంటే చాలు, గైడ్ అక్కర్లేదు. గేటు తెరిచే వేళ మాత్రం ముందే కనుక్కోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో యంత్రాల పడవలకు వేట నిషేధం, అది చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. ఆ రోజుల్లో కాకినాడ, ఉప్పాడ వైపు వెళ్తే పడవలు ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు తీరిగ్గా మాట్లాడతారు. వేట లేని రోజులంటే వాళ్లకు ఆదాయం లేని రోజులు, అందుకని చూసి వచ్చేయడం కాదు, మర్యాదగా అడిగి కూర్చోండి. మే 15 కాటన్ దొర జయంతి, ధవళేశ్వరంలో మ్యూజియం ఉంది, ఆయన గోదావరి మీద కట్టించిన, 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట కథ అక్కడే చెప్పుకోవచ్చు. ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను, ఏ ట్రిప్పులోనూ గోదావరి స్నానం పెట్టకండి. వేసవిలో నీళ్లు పల్చగా కనిపిస్తాయి, ఇసుక తవ్విన గోతులు కింద ఉంటాయి, ఈత వచ్చినవాళ్లు కూడా మునిగిపోయిన సంగతులు ప్రతి ఏడాదీ వింటూనే ఉన్నాం. పిల్లలు ఎంత ఏడ్చినా సరే.

మొక్కలు నాటే కార్యక్రమం మే నెలలో వద్దు. మేం 40 మొక్కలు నాటి ఫొటోలు దిగాం, జూన్ నాటికి ఆరు మిగిలాయి. దాని బదులు మే, జూన్‌లలో రాలే వేపకాయలు, తిన్న పనసతొనల గింజలు, మామిడి టెంకలు పిల్లలతో ఏరించి కవర్లలో మొలకెత్తించండి, మృగశిర దాటి నాలుగు వానలు పడ్డాక నాటండి. మాకు ఆ పద్ధతిలో పెట్టినవే నిలిచాయి.

డబ్బు సంగతి: రెండు నెలలకీ మాకు అయింది తొమ్మిది వేలు, అందులో సగం బస్సు డీజిల్. జ్ఞాపికలు, బ్యానర్లు, శాలువాలు మానేస్తే సరిపోతుంది. వార్డెన్‌కీ రిజిస్ట్రార్ ఆఫీసుకీ ఏప్రిల్‌లోనే ఒక కాగితం పెట్టి, ఎవరు బాధ్యులో ఫోన్ నంబర్లతో రాసివ్వండి, లేకపోతే రాత్రి కబుర్లకి లైట్లు వేయడానికి కూడా అనుమతి దొరకదు. మెస్‌వాళ్ల డ్యూటీ వేళ మార్చకుండా వాళ్లని రమ్మంటే రాలేరు, శనివారం రాత్రి భోజనం అరగంట ముందుకు జరిపించుకున్నాం, అది కూడా ఆ కాగితంలోనే అడగండి.

ఆఖరి కార్యక్రమం మేం ఎప్పుడూ కాలువ గట్టు మీదే పెట్టేవాళ్లం. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు కదా, జూన్‌లో నీళ్లు వదిలారని తెలియగానే పొద్దున్నే అందరం మా క్యాంపస్ వెనక కాలువ దగ్గరికి వెళ్లేవాళ్లం. నెర్రెలిచ్చిన అడుగు మీద ముందు ఎండుటాకులు, కొబ్బరి డొక్కలు దొర్లుకుంటూ వస్తాయి, వాటి వెనక నీళ్లు. పిల్లలు గట్టు మీద ఆ నీటితో పాటు నడుస్తారు, అది అంత నెమ్మదిగా వస్తుంది. చివరి ఏడాది మా సెక్యూరిటీ బాబాయి నైట్ డ్యూటీ దిగి ఇంటికి వెళ్లకుండా మాతో వచ్చి, లాకుల దాకా నడిచారు.