కాంట్రాక్టర్ ఇరవై వేలిచ్చి సంతకం పెట్టమంటున్నాడు, పెట్టొచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విశాఖ గాజువాక ఆటోనగర్ షెడ్డులో పవర్ ప్రెస్ (రేకులను ఒత్తే మెషీన్) కింద నలిగి మీ తమ్ముడి కుడిచేతి రెండు వేళ్లు మొదళ్ల దాకా పోయాయి. వయసు 25, జీతం నెలకు 12,000, అపాయింట్‌మెంట్ లెటర్ లేదు. "నువ్వు రోల్స్‌లో (కంపెనీ హాజరు పట్టీలో) లేవు, తప్పు నీదే, 20,000 ఇస్తాను, ఈ కాగితం మీద సంతకం పెట్టు" అని కాంట్రాక్టర్ అంటున్నాడు. ఇదీ మీరు రాసింది.

సంతకం పెట్టనివ్వకండి చెల్లెమ్మా. ఆ 20,000 ఎంత తక్కువో కింద లెక్క చెబుతాను. అంతకంటే ముందు మా ఇంట్లో జరిగింది చెప్పాలి, ఎందుకంటే మేము చేసిన తప్పులు మీరు ఇప్పుడే ఆపుకోవచ్చు.

2021లో మా ఆయన ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డులో గ్రైండింగ్ చేసేవారు. మొత్తం ఆరుగురే పనివాళ్లు. ఒకరోజు సాయంత్రం వీల్ పగిలి ముక్క ఎడమ కంట్లో గుచ్చుకుంది. నాకు ఫోన్ వచ్చి నేను పరిగెత్తేసరికి సూపర్‌వైజరే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించేశాడు. ఆదుకున్నాడనే అనుకున్నాను. రాత్రి పదింటికి కేస్ షీటు నా చేతికొచ్చింది. అందులో "ఇంటి దగ్గర మేకు కొడుతుండగా కంటికి గాయం" అని ఉంది. మా ఆయన ఒళ్లంతా ఇనుప రజను, చొక్కా మీద నిప్పురవ్వలు కాల్చిన చిల్లులు. ఆ చొక్కా చూపించి డ్యూటీ డాక్టరుతో గొడవపడ్డాను. "పనిలో గ్రైండింగ్ వీల్ పగిలి" అని మార్చి రాయించి, ఎంఎల్‌సీ (ఆసుపత్రి పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ కేసు) పెట్టించాకే అక్కడి నుంచి కదిలాను. తర్వాత కేసు మొత్తం ఆ ఒక్క వాక్యం మీదే నిలబడింది. అందుకే, మీ తమ్ముడి ఆసుపత్రి కాగితంలో దెబ్బ ఎక్కడ, ఎలా తగిలిందని రాశారో ఇవాళే చూడండి. తప్పు ఉంటే ఈ వారంలోనే రాతపూర్వకంగా అర్జీ పెట్టి సరిచేయించండి. నెలలు గడిచాక సరిచేయమంటే ఎవరూ వినరు.

ఇప్పుడు మీ కాంట్రాక్టర్ మాటల సంగతి. 1923 నాటి చట్టం ఒకటి ఉండేది (దాని స్థానంలో 2025 నవంబర్‌లో వచ్చిన కొత్త కోడ్ గురించి కింద చెబుతాను, లెక్క అదే తీరు). మొదట్లో వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ యాక్ట్ అనేవారు, 2010 నుంచి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ యాక్ట్ అయింది. పనివల్ల, పనిచేస్తుండగా ప్రమాదం జరిగితే పరిహారం యజమాని ఇవ్వాల్సిందే, తప్పు ఎవరిదన్నది మామూలుగా అడగరు. రోల్స్‌లో లేకపోయినా, రోజుకూలీ అయినా వర్తిస్తుంది. రోజుకూలీలను వదిలేసే మాట ఒకప్పుడు చట్టంలో ఉండేది, 2000లో తీసేశారు. యజమాని తప్పించుకోవడానికి ఉన్న దారులు కొన్నే: తాగి ఉన్నాడని, భద్రతా నియమాన్ని కావాలనే మీరాడని, మెషీన్‌కు ఉండే గార్డును, అంటే చేతులు లోపలికి పోకుండా కాపాడే కవచాన్ని, కావాలనే తీసేశాడని నిరూపించాలి. మనిషి చనిపోయినా, పూర్తిగా పనికి దూరమైనా ఆ దారులు కూడా మూసుకుపోతాయి.

మా కాంట్రాక్టర్ "గాగుల్స్ తీసేసి పని చేశాడు" అన్నాడు. గాగుల్స్ ఇచ్చినట్టు రిజిస్టర్ తెమ్మని మా కేసు విన్న లేబర్ అధికారి అడిగారు. వాయిదా మీద వాయిదా తీసుకున్నాడు కానీ రిజిస్టర్ రాలేదు, అసలు గాగుల్సే ఎప్పుడూ ఇవ్వలేదు కాబట్టి. మీ తమ్ముడి విషయంలోనూ ప్రెస్‌కు గార్డు ఉందా, పనిచేస్తోందా, ఎవరు తీశారు అన్నది తప్పక వస్తుంది. పక్క మెషీన్ మీద పనిచేసే కుర్రాళ్లు ఇప్పుడు నిజం చెబుతారు, ఆర్నెల్లు పోయాక అదే షెడ్డులో ఉద్యోగం చేసుకోవాలి కదా అని భయపడతారు. వాళ్ల ఫోన్ నంబర్లు రాసిపెట్టుకోండి.

లెక్క ఇదీ. శాశ్వతంగా అంగవైకల్యం వస్తే నెల జీతంలో 60 శాతాన్ని, వయసును బట్టి చట్టం ఇచ్చిన అంకెతో గుణిస్తారు. 25 ఏళ్లకు ఆ అంకె 216.91. మీ తమ్ముడి జీతంలో 60 శాతం 7,200. గుణిస్తే 15,61,752. ఒక చేతికి రెండు వేళ్లు పోతే చట్టంలోని షెడ్యూల్ (ఏ గాయానికి ఎంత శాతమో చెప్పే పట్టిక) ప్రకారం సంపాదన శక్తిలో నష్టం 20 శాతం. అంటే 3,12,350 రూపాయలు. ఇది కాక వైద్యానికైన అసలు ఖర్చు, పనిచేయలేని కాలానికి 15 రోజులకోసారి జీతంలో 25 శాతం ఉంటాయి. ఇప్పటిదాకా ఆసుపత్రికి కాంట్రాక్టర్ కట్టిన డబ్బు పరిహారంలోంచి తీసేయడానికి లేదు, చేతికిచ్చిన పరిహారపు అడ్వాన్సైతే తీసేస్తారు. నెల దాటి ఆలస్యం చేస్తే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది, సరైన కారణం లేకపోతే పరిహారంలో సగం దాకా పెనాల్టీ కూడా వేయొచ్చు.

షెడ్యూల్లో ఉన్న శాతమే చివరి మాట కాదని కూడా తెలుసుకోండి. ఎడమచెయ్యి పోయిన ఒక వడ్రంగి కేసులో సుప్రీంకోర్టు 1975 డిసెంబరు నాటి తీర్పులో, ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి నష్టం 100 శాతమేనని ఒప్పుకుంది. కుడిచేతి వేళ్లు పోయిన ప్రెస్ ఆపరేటర్ మళ్లీ ఆ పనికి పనికొస్తాడా అన్నది మీ లాయరు గట్టిగా వాదించాల్సిన సంగతి.

మా ఆయనకు ఒక కన్ను చూపు పోయినందుకు 30 శాతం వచ్చింది. నిజం జీతం 17,000, కానీ లెక్కకు 15,000 దాకానే తీసుకున్నారు, 2020 నుంచి ఉన్న పరిమితి అది. వయసు 35, అంకె 197.06, మొత్తం 5,32,062. కాంట్రాక్టర్ మాత్రం జీతం 9,000 అని రాసిచ్చాడు. ప్రతి నెలా ఐదో తారీకున ఫోన్‌పేలో పడిన డబ్బులే మమ్మల్ని కాపాడాయి. ఆ స్టేట్‌మెంటు బ్యాంకు నుంచి తీసుకుని, సీలు వేయించి ఇచ్చాను. రెండేళ్లు పైనే తిరిగాం. వడ్డీతో ఆరు లక్షలు దాటి వచ్చింది. చూపు రాలేదు, అప్పులు తీరాయి, పిల్ల ఫీజు కట్టాం.

ఒక్క సంగతి ముందే తేల్చుకోవాలి, మీ తమ్ముడికి ఈఎస్ఐ (కార్మికులకు ఉండే ప్రభుత్వ బీమా) ఉందా? పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట, జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ ఉండాలి. ఉంటే పైన చెప్పిన లెక్కలో అడగడానికి వీలుండదు, దారి వేరు: పనిలో దెబ్బ తగిలి సెలవులో ఉన్న రోజులకు సగటు జీతంలో 90 శాతం, తర్వాత మెడికల్ బోర్డు తేల్చిన శాతాన్ని బట్టి జీవితాంతం నెలనెలా డబ్బు. చేరిన మొదటి రోజే ప్రమాదం జరిగినా వర్తిస్తుంది. జీతంలో 0.75 శాతం కోత పడుతోందేమో చూడండి. షెడ్డులో పదిమందికి పైనే ఉండి కూడా యజమాని పేరు ఎక్కించకపోతే ఆ తప్పు మీ తమ్ముడిది కాదు. ఈఎస్ఐ కార్పొరేషన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. చికిత్సకు మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. మా షెడ్డులో ఆరుగురే కాబట్టి మాకు ఆ దారి లేక లేబర్ ఆఫీసుకు వెళ్లాం.

సంతకం గురించి మళ్లీ చెబుతున్నాను. హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చినా చట్టం ముందు అది చెల్లదు. రాజీ చేసుకున్నా ఆ ఒప్పందాన్ని లేబర్ శాఖలో ఈ కేసులు చూసే కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి, మొత్తం మరీ తక్కువగా ఉంటే ఆయన నిరాకరించవచ్చు. చెల్లదు కదా అని పెట్టేయకండి. ఆ కాగితం పట్టుకుని ఏడాదిపాటు వాయిదాలు తిప్పుతారు. ఖాళీ స్టాంపు పేపరైతే అసలే వద్దు.

ముందు కాంట్రాక్టర్‌కు ప్రమాదం తేదీ, సమయం, గాయం వివరాలతో నోటీసు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. తర్వాత ఆ కమిషనర్ దగ్గరే దరఖాస్తు పెట్టాలి. పాత చట్టంలో గడువు రెండేళ్లు, కానీ రెండు నెలలు కూడా ఆగొద్దని నా సలహా. ప్రమాదం జరిగిన చోటే కాదు, మీరు ఉండే ఊళ్లోనూ వేసుకోవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ పనిచేసే వాళ్లకు ఇది పెద్ద ఊరట. పెద్ద కంపెనీ ఆవరణలో కాంట్రాక్టు పని చేస్తూ దెబ్బ తగిలితే ఆ కంపెనీని కూడా పార్టీగా చేర్చవచ్చు, కాబట్టి ఆ ప్రెస్ ఎవరిదో, ఎవరి ఆర్డరు మీద పని నడుస్తోందో కనుక్కోండి.

2025 నవంబర్ 21 నుంచి ఈ పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. పరిహారం లెక్క కట్టే పద్ధతి అదే తీరులో ఉంది. ఇంటి నుంచి పనికి వెళ్లివచ్చే దారిలో జరిగిన ప్రమాదం కూడా, పనితో సంబంధం ఉందని చూపిస్తే, అందులో వస్తుంది. మీ తమ్ముడి ప్రమాదం తేదీని బట్టి దరఖాస్తులో ఏ చట్టం పేరు రాయాలో లేబర్ ఆఫీసులోనే అడగండి.

లాయరు ఫీజు గురించి టెన్షన్ పడకండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఫ్రీగా లాయరును ఇస్తుంది, 15100కి ఫోన్ చేస్తే చెబుతారు. వచ్చిన దాంట్లో మూడో వంతు నాకివ్వాలనే మధ్యవర్తులు ఆసుపత్రి గేటు దగ్గరే తగులుతారు. మాకూ ఒకాయన తగిలాడు, దండం పెట్టి పంపించేశాను.

మందుల షాపు బిల్లులన్నీ ఇవాళే జిరాక్స్ తీయించండి. మా బిల్లుల మీద అక్షరాలు ఆర్నెల్లకే మాసిపోయి తెల్లకాగితాలు అయ్యాయి, పన్నెండు వేల దాకా లెక్కలోకి రాలేదు. అలాగే షిఫ్టు టైములు పెట్టే వాట్సాప్ గ్రూపు ఉంటే, తారీకులు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి మీ ఫోన్‌లో కూడా ఉంచుకోండి. మా ఆయన్ని మూడో రోజే గ్రూపులోంచి తీసేశారు.