ఉద్యోగుల నిజాయితీ విషయంలో హెచ్‌ఆర్ మేనేజర్ నిజంగా ఏం చేయగలరు?

చాలానే చేయగలరు. కాకపోతే గోడకు అంటించిన విలువల పోస్టర్లతో, ఏడాదికోసారి నెక్స్ట్ నెక్స్ట్ నొక్కి ముగించే ట్రైనింగుతో అయ్యే పని కాదు.

అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకునే తీసుకోండి. ఒక్కో కస్టమర్‌కు ఎనిమిది రకాల ఖాతాలు, కార్డులు అంటగట్టాలన్నది అప్పట్లో అక్కడి లక్ష్యం. టార్గెట్ ఒత్తిడి తట్టుకోలేక సిబ్బంది కస్టమర్లకు తెలియకుండానే లక్షల ఖాతాలు తెరిచేశారు. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అప్పటికే దాదాపు 5,300 మందిని ఇంటికి పంపారు. విచిత్రమేమిటంటే, ఫిర్యాదులకు ఎథిక్స్ హాట్‌లైన్ కూడా ఉంది! దానికి ఫోన్ చేసినందుకే మా ఉద్యోగాలు తీసేశారని కొందరు ఆరోపించారు.

హెచ్‌ఆర్ చేయాల్సిన అసలు పని ఇక్కడే ఉంది. టార్గెట్‌కు రెట్టింపు చేసినవారిని అవార్డుకు పిలిచేముందు, ఎలా సాధించారో ఆరా తీయాలి. ఫిర్యాదు చేసిన ఉద్యోగి రేటింగ్ మరుసటి అప్రైజల్‌లో పడిపోయిందేమో చూడాలి. కక్షసాధింపు ఎక్కువగా బయటపడేది అక్కడే అని నా అభిప్రాయం.

మన 2013 కంపెనీల చట్టం ప్రకారం లిస్టెడ్ కంపెనీల్లో (షేర్లు స్టాక్ మార్కెట్లో ఉన్నవి) విజిల్‌బ్లోయర్ ఏర్పాటు, అంటే లోపలి తప్పులను భయం లేకుండా బయటపెట్టే మార్గం, తప్పనిసరి. అవసరమైతే కంపెనీ లెక్కలను పర్యవేక్షించే ఆడిట్ కమిటీ ఛైర్‌పర్సన్‌నే నేరుగా ఆశ్రయించవచ్చు. ఈ సంగతి చేరిన రోజే చెప్పే హెచ్‌ఆర్ దొరికితే మీరు అదృష్టవంతులే.