లైసెన్సు హెచ్చరిక వచ్చిందని కంగారు పడకు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

కంప్యూటర్‌లో లైసెన్సు గడువు తీరుతోందన్న హెచ్చరిక పదే పదే వస్తోందని రాశావు. దేని మీదా నొక్కకముందే అది ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకో. విండోసా, వర్డ్, ఎక్సెల్ ఉండే మైక్రోసాఫ్ట్ ఆఫీసా, బ్రౌజరా? మూడింటికీ మందు వేరు.

బ్రౌజర్‌లో వచ్చేదే అన్నిటికన్నా ప్రమాదం. తెర నిండా పరుచుకుని, మోత మోగిస్తూ, వెంటనే ఫలానా నంబరుకు ఫోన్ చేయమంటుంది. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. ఉన్నదంటే మోసమే. మూసే గుర్తు కనబడకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది, అందులో బ్రౌజర్‌ను ఆపెయ్. కుడి మూలన చిన్న పెట్టెలో వస్తుంటే, ఏదో సైటుకు నోటిఫికేషన్ల అనుమతి ఇచ్చి ఉంటారు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో దాన్ని తీసెయ్. ఇంట్లో ఎవరైనా ఇప్పటికే ఫోన్ చేసి కంప్యూటర్‌ను వాళ్ల చేతికిచ్చి ఉంటే, ముందు ఇంటర్నెట్ ఆపు. డబ్బు పోయి ఉంటే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ఎవరినీ తిట్టకు, తిడితే రేపు దాచిపెడతారు.

విండోసే అడుగుతుంటే తొందరేమీ లేదు. యాక్టివేషన్, అంటే లైసెన్సు సరైనదేనన్న నిర్ధారణ, లేనంత మాత్రాన నీ ఫైళ్లు పోవు. తెర రంగులు, బొమ్మలు మార్చుకోనివ్వదు, మూలన యాక్టివేట్ చేయమనే రాత ఉంటుంది, అంతే. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ తెరిచి ఎర్రర్ కోడ్ రాసుకో. విండోస్ 10 అయితే అది అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ కింద ఉంటుంది. రిపేరుకు ఇచ్చి తెచ్చాక మొదలైందా? లోపలి ప్రధాన బోర్డు, మదర్‌బోర్డు, మార్చారేమో అడుగు. డిజిటల్ లైసెన్సు ఆ బోర్డుతోనే ముడిపడి ఉంటుంది. బోర్డు మార్చకుండా విండోస్ మాత్రమే మళ్లీ వేసి ఉంటే, అది ఏ ఎడిషనో చూడు. ల్యాప్‌టాప్‌తో వచ్చింది హోమ్, షాపతను వేసింది ప్రో అయితే లైసెన్సు కుదరదు. హోమ్ తిరిగి వేయించి నెట్‌కు కలిపితే చాలాసార్లు తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. త్వరలో గడువు తీరుతుందని అంటుంటే, కంపెనీలకిచ్చే రకం లైసెన్సు నీ కంప్యూటర్‌లో వేసి ఉండవచ్చు. అది ఆ కంపెనీ సర్వర్‌ను 180 రోజుల్లోగా పలకరించాలి, ఇంట్లో ఆ సర్వర్ ఎక్కడిది?

లైసెన్సు లేకుండానే యాక్టివేట్ చేస్తామనే ఉచిత యాక్టివేటర్ల జోలికి మాత్రం వెళ్లకు. యాంటీవైరస్ ఆపేసి నన్ను నడుపు అనే ప్రోగ్రామును నీ బ్యాంకు పాస్‌వర్డులున్న కంప్యూటర్‌లోకి ఎలా రానిస్తావు?

ఆఫీసు అడుగుతుంటే ల్యాప్‌టాప్ బిల్లు చూడు. ఆఫీసు కూడా కలిపి ఇచ్చి ఉంటే, మొదట వాడిన ఈమెయిలు ఖాతాతోనే లోపలికి వెళ్లాలి. అది ట్రయలే అయి, మీకు ఉత్తరాలు, లెక్కలే పని అయితే లిబ్రేఆఫీస్ ఉచితం, అది చాలు.

యాక్టివేషన్ పేజీని ఫోటో తీసి నాకు పంపు. ప్రొడక్ట్ కీ 25 అక్షరాలు మాత్రం అందులో కనబడనివ్వకు. నేను చూసేదాకా ఎవరికీ రూపాయి కట్టకు.

ఆశీస్సులతో,
పెదనాన్న