బీపీ నార్మల్‌గా ఉందని ఆ మాత్రలు ఆపేశారా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. నెల కిందట గుండెపోటు వచ్చింది. రాత్రి గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నారు. తెల్లారాక ఆసుపత్రికి తీసుకెళితే స్టెంట్ వేశారు. గుండె కండరం దెబ్బతిందని, ఈఎఫ్ 38 అని చెప్పారు. ఇప్పుడు బీపీ 110/70 ఉంటోందని పది రోజులుగా బీపీ మాత్రలు ఆపేశాం. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో ఇచ్చినవి వాడుతున్నారు. దానిమ్మ రసం, తెల్లమద్ది కషాయం ఇస్తే కండరం మళ్లీ బలపడుతుందా? - ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

డాక్టర్ సలహా: కషాయం సంగతి తర్వాత. ఆ మాత్రలు ఎవరు ఆపమన్నారమ్మా? గుండెపోటు తర్వాత రాసే రామిప్రిల్, మెటోప్రొలాల్ లాంటివి పేరుకు బీపీ మాత్రలే. మీ నాన్నగారికి మాత్రం బహుశా గుండె కండరం కోసం రాసి ఉంటారు. రిపోర్టులు, చీటీ చూడకుండా కచ్చితంగా చెప్పలేను. ఈరోజే మీ కార్డియాలజిస్టుకు ఫోన్ చేయండి. పాత డోసు మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టొద్దు. బీపీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష), పొటాషియం చూసి ఆయనే చెబుతారు.

రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన అరగంటలోపే కండరం చనిపోవడం మొదలవుతుంది. లోపలి పొరతో మొదలై బయటి పొర దాకా పాకుతుంది. అందుకే మీరు తెల్లారేదాకా ఆగిన ఆ గంటలు అంత విలువైనవి. చనిపోయిన భాగం మళ్లీ పెరగదు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అక్కడ గట్టి మచ్చ కడుతుంది. మచ్చకు కొట్టుకునే శక్తి ఉండదు కాబట్టి భారమంతా మిగతా కండరం మీద పడి, గుండె మెల్లగా సాగిపోతుంది. ఆ సాగడాన్ని అడ్డుకోవడానికే ఆ మాత్రలు.

ఈఎఫ్ 38 అంటే గుండెలో నిండిన ప్రతి 100 మి.లీ. రక్తంలో 38 బయటికి వెళుతోందని. మామూలుగా 55 నుంచి 70 దాకా ఉంటుంది. అయితే తక్కువైనదంతా చచ్చిన కండరం వల్లే కాకపోవచ్చు. కొంత సొమ్మసిల్లి ఉంటుంది, రక్తం అందాక కొన్ని వారాల్లో తేరుకుంటుంది. అందుకే ఆరు వారాల నుంచి మూడు నెలల మధ్య మళ్లీ ఎకో (గుండె స్కానింగ్) తీయిస్తాం. అప్పటిదాకా ఆ అంకె చూసి టెన్షన్ పడకండి.

నన్ను ఇంకా కలవరపెడుతున్నది మోకాళ్ల మాత్రలు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి ఒంట్లో ఉప్పూ నీరూ నిలబెడతాయి, మరో గుండెపోటు ముప్పు పెంచుతాయి. స్టెంట్ తర్వాత వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. కాగితంలో పొట్లం కట్టి ఇచ్చే రంగు మాత్రల్లో ఒక్కోసారి స్టెరాయిడ్ కూడా ఉంటుంది. మచ్చ ఇంకా పచ్చిగా ఉన్న రోజుల్లో అది అసలు మంచిది కాదు. వెంటనే ఆపించండి, ఏం వాడారో డాక్టరుకు చూపించండి. నొప్పికి పారాసెటమాల్ సరిపోవచ్చు, అదీ అడిగాకే. స్టెంట్ మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా తప్పకూడదు.

రోజూ పొద్దున బరువు చూడండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, కాళ్లు వాచినా, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చినా వెంటనే చూపించాలి. ఛాతీ మళ్లీ బిగిస్తే సోడాలొద్దు, 108కి ఫోన్ చేయండి.

ఇక ఆహారం. దానిమ్మ ఇష్టంగా తింటే తిననివ్వండి, దానితో కండరం మాత్రం పెరగదు. తెల్లమద్ది కషాయం ఇన్ని మందుల మధ్య డాక్టరుకు చెప్పకుండా వద్దు. ఉప్పు తగ్గించండి. ఊరగాయ, అప్పడాలు కొన్నాళ్లు పక్కన పెట్టండి.