బ్రాడ్‌వేని మేడ మీంచి తియ్యి

చిన్నా,

ఆశీస్సులు. నువ్వు న్యూయార్క్ నుంచి పంపిన బ్రాడ్‌వే వీధి జంట ఫొటోలు ప్రింట్ తీయించి స్టీరియోస్కోప్‌లో (ఒక్కో కంటికి ఒక్కో ఫొటో చూపించి, లోతు తెలిసేలా చేసే పరికరం) పెట్టి చూశాను. ఏమీ అనుకోకు గానీ, చదునుగా ఉన్నాయి రా. తప్పు నీ ఫోన్‌ది కాదు. ఎదురుగా నిలబడి ఒక్క బిల్డింగ్ గోడనే తీశావు. గోడలో లోతెక్కడిది?

1859లో ఎడ్వర్డ్ ఆంథొనీ అనే ఫొటోగ్రాఫర్ తీసిన బ్రాడ్‌వే జంట ఫొటోల కార్డులు చూడు, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. మేడ మీంచి, వీధి పొడవునా తీశాడు. గుర్రబ్బళ్లు ఒకదాని వెనక ఒకటి. మన కళ్ల మధ్య ఎడం సుమారు 6.5 సెంటీమీటర్లు కదా, దగ్గరి బండి ఒక్కో కంటికి కాస్త వేరే చోట కనిపిస్తుంది, దూరపు బండిలో ఆ తేడా దాదాపు ఉండదు. ఆ తేడానే మెదడు దూరంగా లెక్కేసుకుంటుంది. 1838లో చార్లెస్ వీట్‌స్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దీన్ని ఫొటోలతో కాదు, ఉత్త గీతల బొమ్మలతో నిరూపించాడు!

ఆంథొనీకి ముందు తీసిన వీధి ఫొటోల్లో మనుషులు దాదాపు ఉండేవారే కాదు. ఎక్స్‌పోజర్, అంటే లెన్సు తెరిచి ఉంచడం, చాలాసేపు పట్టేది, నడిచేవాళ్లు ప్లేటు (అప్పట్లో ఫిల్ము బదులు వాడిన పలక) మీద పడకుండానే వెళ్లిపోయేవారు. స్టీరియో కెమెరాలో ప్లేటు చిన్నది, లెన్సు దానికి దగ్గరగా ఉండేది, వెలుతురు బాగా పడేది. అందుకే సెకనులో చిన్న భాగంలోనే జనాన్ని పట్టగలిగారు.

ఇక నీ సంగతి. మొదటి ఫొటో తీశాక ఫోన్‌ని తిప్పకుండా పక్కకి జరుపు. ఎంత జరపాలంటే, అన్నిటికన్నా దగ్గరున్న వస్తువు దూరంలో ముప్పయ్యో వంతు. అది 6 మీటర్లలో ఉంటే 20 సెంటీమీటర్లు. ఆశకి పోయి ఇంకా జరిపితే ఊరు బొమ్మల కొలువైపోతుంది. రెండు ఫొటోల మధ్య టాక్సీ కదిలితే కళ్లు నొప్పెడతాయి. ఆంథొనీకి ఆ టెన్షన్ లేదు, కెమెరాకి రెండు లెన్సులు. నువ్వు ఫ్రెండ్ ఫోన్ కూడా తీసుకుని రెండూ ఒకేసారి నొక్కు.

ఎడమ ఫొటో ఎడమవైపే అంటించు. నేనొకసారి చార్మినార్‌ని తారుమారుగా అంటిస్తే ఆకాశం ముందుకొచ్చి మినార్లు వెనక్కి పోయాయి. మీ అత్తయ్య ఇప్పటికీ నవ్వుతుంది.

ఈసారి మూడో అంతస్తులో కిటికీ ఉన్న ఫ్రెండ్‌ని వెతుక్కో. కార్డు 7 అంగుళాల పొడవు, మూడున్నర వెడల్పు మించకూడదు. నా స్టీరియోస్కోప్‌లో అంతకన్నా పెద్దది పట్టదు.

నీ మావయ్య