అవిసె పువ్వు తెలుపా, నీలమా?

సందేహం: కృష్ణాష్టకంలోని ‘అతసీపుష్పసంకాశం’ అన్న మాటకు ‘అవిసె పువ్వు వంటి కాంతి గలవాడు’ అని తాత్పర్యం చదివాను. నేనెరిగిన అవిసె పువ్వు తెల్లనిది. నల్లనయ్యకు ఆ పోలిక ఎలా కుదురుతుంది? పెరట్లో అవిసె చెట్టు పెంచుదామని అంగట్లో అవిసె గింజలు కొని చల్లితే, మోకాలెత్తు సన్నని మొక్కలే వచ్చాయి. పొరపాటు ఎక్కడ జరిగింది?

సమాధానం: మీ రెండు సందేహాలకూ మూలం ఒక్కటే. ఒకదానితో ఒకటి ఏ చుట్టరికమూ లేని రెండు మొక్కలను తెలుగువారు అవిసె అనే పిలుస్తున్నారు.

మీరు పెంచదలచినది చిక్కుడు, కంది కుటుంబానికి చెందిన చెట్టు. తమలపాకు తోటలున్న ఊళ్లవారికి దీన్ని పరిచయం చేయనక్కరలేదు. ముందు అవిసె విత్తి, అది ఎదిగాక దాని మొదలు దగ్గర తమలపాకు తీగ నాటి, దాని మీదికే పాకిస్తారు. తెల్లగానో ఎర్రగానో పూస్తుంది. కొడవలిలా వంగిన పెద్ద మొగ్గను కోసి, చేదుగా ఉండే నడిమి కేసరాలను తీసివేసి కూర వండుకుంటారు. సంస్కృతంలో ఇది అగస్త్యం, తమిళంలో అగత్తి. తెలుగులో అగిసె అన్న రూపమూ ఉంది. పగడము, పవడము అన్న జంటలో వలెనే ఇక్కడా గకార వకారాలు ఒకదాని స్థానంలో ఒకటి వచ్చాయి. ‘అవిశె’ అని శకారంతో రాయడం కనిపిస్తున్నది కాని, ‘అవిసె’ అన్నదే సరైన రూపం.

అతసి వేరే మొక్క. సంస్కృత నిఘంటువైన అమరకోశం దీనిని చెట్ల నడుమ కాక, వైశ్యవర్గమనే విభాగంలో పంటల నడుమ చెప్పి, ఉమా, క్షుమా అన్న పర్యాయపదాలను ఇచ్చింది. ఆ క్షుమ నారతో నేసిన బట్టే క్షౌమం. హిందీలో అలసీ అన్నా, మన అంగళ్లలో అవిసె గింజలన్నా ఈ అతసి గింజలే. మీరు చల్లిన మొక్కలను పీకివేయకండి. పూతకు వచ్చినప్పుడు ఉదయం విచ్చుకొనే ఆ అయిదు రేకుల నీలిపువ్వును చూస్తే శ్లోకంలోని పోలిక ఎంత సహజమైనదో మీకే తెలుస్తుంది. తాత్పర్యం రాసినవారు తప్పు రాయలేదు, కాని పాఠకుడికి ముందుగా తెల్లపువ్వే తోస్తుందని గమనించలేదు. ‘నీలి అవిసె పువ్వు’ అని ఒక్క మాట చేర్చి ఉంటే చిక్కు తీరేది.

అంగడి వాడుకను ఇప్పుడు మార్చబూనడం అనవసరమని నా అభిప్రాయం. నూనెగింజకు ‘అవిసె గింజలు’ అన్న పేరు స్థిరపడిపోయింది. చెట్టు కావలసినవారే ‘అవిసె చెట్టు విత్తనాలు’ అని విప్పి అడగాలి. రాసేటప్పుడూ ఈ భేదం పాటించాలి. గింజను చూసైనా పోల్చుకోవచ్చు. అతసి గింజ బల్లపరుపుగా, నున్నగా మెరుస్తూ, ఒక కొన సన్నగిలి ఉంటుంది. నానబెడితే చుట్టూ జిగురు పడుతుంది. చెట్టు విత్తనం పప్పుజాతి గింజ ఆకారంలో ఉంటుంది, అడుగుకు పైగా వేలాడే సన్నని కాయల్లో దొరుకుతుంది.

ఆ విత్తనాలను ఒక రాత్రి నానబెట్టి, తొలకరిలో, ఎండ బాగా తగిలేచోట, చెట్టు ఎక్కడ ఉండాలో అక్కడే విత్తండి. వేళ్ల బొడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని అందిస్తాయి కనుక యూరియా వేయనక్కరలేదు. ఇది చాలా వేగంగా ఎదుగుతుంది, కర్ర మెత్తన, పెనుగాలికి కొమ్మలు విరుగుతాయి. అందుచేత ఛాతీ ఎత్తుకు రాగానే తల తుంచితే పక్కకొమ్మలు వేసి, పూలు చేతికందుతాయి. ఆకుకూర కోసం ఒక్కసారే ఆకంతా దూసివేయడం, మోడును నేలకు దగ్గరగా నరకడం మాత్రం చేయకండి. వేప, కానుగ మళ్లీ చిగురించినట్టు ఇది చిగురించదు, తరచుగా చచ్చిపోతుంది.